బ్యారేజీ మీదుగా పదిన్నరకి: ఉపగ్రహ చిత్రాన్ని చదవడం

(విజయవాడలో డిగ్రీ విద్యార్థులకు, హైస్కూలు ఉపాధ్యాయులకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

తెర మీదున్న ఈ బొమ్మ మీరంతా చూసిందే. నల్లటి ఆకాశంలో నీలంగా, గుండ్రంగా భూమి. 1972 డిసెంబరు 7న అపోలో 17 వ్యోమగాములు చంద్రుడి వైపు వెళ్తూ, బయల్దేరిన ఐదు గంటలకు, సుమారు 29,000 కిలోమీటర్ల దూరం నుంచి తీశారు. హాసెల్‌బ్లాడ్ కెమెరా, 80 మిల్లీమీటర్ల లెన్సు, 70 మిల్లీమీటర్ల ఫిల్ము. సూర్యుడు వాళ్ళ వెనకవైపు ఉండబట్టి భూమి పున్నమి చంద్రుడిలా నిండుగా పడింది. ఫిల్ములో దక్షిణ ధ్రువం పైకి ఉంటే, అచ్చు వేసేటప్పుడు మన అలవాటుకు తగ్గట్టు తిప్పారు.

ఇప్పుడు కుడివైపు పై అంచు చూడండి. మబ్బు సుడి తిరిగి ఉంది కదా. ఆ రోజుల్లో తమిళనాడు మీద విరుచుకుపడ్డ తుపాను అది. ప్రపంచమంతా గోడకు తగిలించుకున్న బొమ్మలో మన తీరపు తుపాను ఉందని గమనించినవాళ్ళు తక్కువ.

రెండో బొమ్మ మనది. 2013 నవంబరు 19 మధ్యాహ్నం 1:50కి, మంగళయాన్ ఇంకా భూమి చుట్టూనే తిరుగుతుండగా, దాని రంగుల కెమెరా 67,975 కిలోమీటర్ల ఎత్తు నుంచి తీసింది. ఒక్కో పిక్సెల్ నేల మీద 3.53 కిలోమీటర్లు. బంగాళాఖాతంలో ఆ తెల్లటి ముద్ద హెలెన్ తుపాను. మూడు రోజులకు, 22న, మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. తేదీ చూశారా? నవంబరు 19. 1977లో సరిగ్గా అదే తేదీన దివిసీమను ఉప్పెన తుడిచిపెట్టింది. ఆనాటికి తుపాను మీద ఎడతెగకుండా కన్నేసి ఉంచే సొంత ఉపగ్రహం మనకు లేదు. ఇన్సాట్-1బి వెళ్ళింది 1983లో. కృష్ణా జిల్లాలో పుట్టిన ఏ పిల్లవాడికైనా ఉపగ్రహ చిత్రం చదవడం రావాలని నేను గట్టిగా కోరుకునేది అందుకే.

చదవడం అన్నాను. ఎందుకంటే మొదటి బొమ్మ ఫిల్ము మీద పడ్డ ఫొటో. ఇవాళ మనకు రోజూ వస్తున్నవి అలాంటివి కావు, కొలతల పట్టికలు. ఒక్కో గడిలో, అంటే పిక్సెల్‌లో, ఒక అంకె ఉంటుంది, ఆ అంకెకు రంగు పూసేది మనుషులు. ఏ అంకెకు ఏ రంగు పూశారో అడక్కుండా బొమ్మను నమ్మితే తప్పు దారి పడతాం.

ప్రతి దీపావళికీ ఫోన్లలో తిరిగే బొమ్మ ఒకటుంది, మీకూ వచ్చే ఉంటుంది. దేశమంతా తెలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు దీపాలతో వెలిగిపోతూ ఉంటుంది. "దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి భారతదేశం" అని రాసి పంపుతారు. దాన్ని తయారుచేసింది అమెరికా వాతావరణ, సముద్ర పరిశోధన సంస్థ నోవా శాస్త్రవేత్త క్రిస్ ఎల్విడ్జ్, 2003లో. జనావాసాలు ఏళ్ళ తరబడి ఎలా పెరిగాయో చూపడం దాని ఉద్దేశం. 1992కు ముందు నుంచీ ఉన్న ఊళ్ళ వెలుగులకు తెలుపు, 1992లో కొత్తగా కనిపించినవాటికి నీలం, 1998 నాటివాటికి ఆకుపచ్చ, 2003 నాటివాటికి ఎరుపు పూశారు. పండగతో దానికి సంబంధమే లేదు. 2012 నవంబరులో దీపావళి రోజుల్లో తీసిన అసలు రాత్రి చిత్రాన్ని నాసా విడుదల చేసింది. అందులో ఊళ్ళు మామూలు రోజుల్లాగే ఉన్నాయి. ప్రమిదల వెలుగు, మతాబుల వెలుగు వీధి దీపాల వెలుగుతో పోలిస్తే అంత ఎత్తుకు లెక్కలోకి రానంత తక్కువ.

సరే, మన ఊరి సంగతికి వద్దాం. యూరప్ అంతరిక్ష సంస్థ సెంటినెల్-2 ఉపగ్రహాలు 786 కిలోమీటర్ల ఎత్తులో ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్తూ మన మీదుగా ఉదయం పదిన్నర ప్రాంతంలో పోతాయి. ఎప్పుడొచ్చినా అదే వేళ. కక్ష్యను అలా ఏర్పాటు చేశారు, దాన్నే సన్-సింక్రనస్ కక్ష్య అంటారు. ఎండ పడే కోణం రోజురోజుకీ పెద్దగా మారకూడదనే ఈ ఏర్పాటు. రెండు ఉపగ్రహాలు కలిసి ఒకే చోటును ఐదు రోజులకోసారి చూస్తాయి. ఫైలులో కాలం యూటీసీలో, అంటే గ్రీనిచ్ లెక్కన నడిచే ప్రపంచ కాలంలో ఉంటుంది. 5 గంటలని కనిపిస్తే తెల్లవారుజాము అనుకోకండి, ఐదున్నర గంటలు కలపాలి.

ఇందులో షట్టరు నొక్కి ఫొటో తీయడం ఉండదు. మన గొర్రును గుర్తుచేసుకోండి. గొర్రు ముందుకు కదులుతుంటే అడ్డంగా ఉన్న చాళ్ళన్నిటిలో విత్తనం ఒకేసారి పడుతుంది. ఇక్కడా అంతే. 290 కిలోమీటర్ల వెడల్పున అడ్డ వరుస మొత్తాన్ని డిటెక్టర్లు ఒకేసారి కొలుస్తాయి. ఉపగ్రహం ముందుకు జరగ్గానే తర్వాతి వరుస. నేల మీద దాని వేగం సెకనుకు దాదాపు 6.7 కిలోమీటర్లు. విజయవాడ నుంచి గుంటూరుకు ఐదు సెకన్లు పట్టదు. పది మీటర్ల వరుసను కొలవడానికి దానికి దొరికే సమయం సెకనులో వెయ్యో వంతుకు కాస్త ఎక్కువ, ఒకటిన్నర మిల్లీసెకన్లు.

ఉపగ్రహం వెలుగును తరంగం పొడవును బట్టి ముక్కలుగా విడదీసి కొలుస్తుంది, ఒక్కో ముక్కను బ్యాండ్ అంటారు. బ్యాండ్లు 13. వాటిలో నీలం 490 నానోమీటర్లు, ఆకుపచ్చ 560, ఎరుపు 665, కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ 842. ఈ నాలుగూ పది మీటర్ల గడులు. షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ 1610, 2190 నానోమీటర్లవి ఇరవై మీటర్లు. గాలిలోని తేమ, పలుచటి మబ్బు కనిపెట్టేవి అరవై మీటర్లు.

ఈ బ్యాండ్లన్నీ ఒకే క్షణంలో తీసినవి కావు. నీలానికీ ఎరుపుకూ మధ్య సెకను తేడా ఉంది. కదలని నేలకు ఇబ్బంది లేదు. కదిలేవాటికి ఉంది. గన్నవరంలో దిగబోతున్న విమానం సెకనుకు 70 మీటర్లు పోతుందనుకుంటే నీలం చుక్కకూ ఎరుపు చుక్కకూ మధ్య ఏడు గడుల ఎడం వస్తుంది. అందుకే ఒకే విమానం నీలం, ఆకుపచ్చ, ఎరుపు అని మూడు నీడల్లా కనిపిస్తుంది. ఏదో వింత వస్తువు కనపడిందని ఎవరైనా చూపిస్తే, మూడు రంగులూ ఒకే గీత మీద ఉన్నాయేమో ముందు చూడండి. 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి భూమిని చూసే ఎపిక్ కెమెరా బొమ్మల్లో చంద్రుడి అంచుకు పచ్చటి గీత కనిపించేదీ ఇందువల్లే. ఫిల్టరు మార్చి మళ్ళీ తీసేలోపు చంద్రుడు కాస్త జరుగుతాడు.

ఇక పది మీటర్లంటే ఎంత? ప్రకాశం బ్యారేజీ నిడివి 1,223 మీటర్లు, అంటే 122 గడులు. ఒక్కో గేటు నలభై అడుగులు, దాదాపు ఒక గడి. డెబ్భై గేట్లలో ఎన్ని ఎత్తారో ఈ బొమ్మలో లెక్కపెట్టలేం. దిగువన నురగ తెల్లగా కనిపిస్తే నీళ్ళు వదులుతున్నారని చెప్పగలం, అంతవరకే. గడి సగం కాంక్రీటు మీద, సగం నీళ్ళ మీద పడితే దానిలోని అంకె రెండింటి కలగలుపు. పలుచటి గట్లు, పంట కాలవలు మసకబారేది అందుకే. జూమ్ చేసినకొద్దీ వివరం పెరుగుతుందనుకోవడం పొరపాటు. గడులు పెద్దవవుతాయి, అంతే. మనిషిని, కారును చూడాలంటే ఇస్రో ఉపగ్రహం కార్టోశాట్-3 లాంటిది కావాలి. దాని గడి పావు మీటరు. కానీ అది ఒకసారికి చూసే మేర చాలా ఇరుకు.

రంగుల సంగతి చూద్దాం. ఫాల్స్ కలర్ అని ఒక పద్ధతి ఉంది. నియర్ ఇన్‌ఫ్రారెడ్ అంకెకు ఎరుపు, ఎరుపు అంకెకు ఆకుపచ్చ, ఆకుపచ్చ అంకెకు నీలం పూస్తారు. ఆరోగ్యంగా ఉన్న ఆకు లోపలి కణాల నిర్మాణం నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లో దాదాపు సగాన్ని వెనక్కి కొడుతుంది. అందుకే ఈ బొమ్మలో తెనాలి వైపు వరి, లంకల్లో అరటి, కొండపల్లి అడవి అన్నీ ఎర్రగా ఉంటాయి. గుంటూరు పక్కన ఎరుపు కనపడగానే మిర్చి కల్లాలు అనుకునే పిల్లలుంటారు, వాళ్ళకు ఓపిగ్గా చెప్పాలి. కల్లంలో ఆరబోసిన మిర్చి ఎరుపు చూడాలంటే మామూలు రంగుల బొమ్మలో, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చూడాలి. యాభై మీటర్ల చదరపు కల్లమైతే పాతిక గడులు వస్తాయి.

కొల్లేరును ఫాల్స్ కలర్‌లో చూడండి. చేపల చెరువులు నల్లగా, నీలంగా, గట్లతో గళ్ళ దుప్పటి పరిచినట్టు కనిపిస్తాయి. అమెరికా ఉపగ్రహాలు లాండ్‌శాట్‌ల బొమ్మలు 1972 నుంచీ ఉన్నాయి, 2008 నుంచి ఉచితం. పాతవాటినీ కొత్తవాటినీ వరసగా పెడితే ఆ గళ్ళు ఎలా పెరిగాయో, 2006లో గట్లు కొట్టేశాక ఏమైందో మీ పిల్లలు మీకే చెబుతారు. ఉపాధ్యాయులకు ఇంతకంటే మంచి భూగోళ పాఠం దొరకదని నా నమ్మకం.

ఇప్పుడు ఎక్కువమంది పప్పులో కాలేసే చోటు. బ్రౌజర్‌లో చూసి వదిలేస్తే ఇబ్బంది లేదు. అసలు ఫైళ్ళు దించుకుని లెక్కలు చేసేవాళ్ళు జాగ్రత్తగా వినండి. పడ్డ వెలుగులో వెనక్కి వచ్చిన వంతును ప్రతిఫలనం అంటారు. సెంటినెల్-2 ఫైలులో అంకె ఆ ప్రతిఫలనాన్ని పదివేలతో గుణించింది. 2022 జనవరి 25 నుంచి వచ్చిన ఫైళ్ళలో ఆ అంకెకు ఇంకో వెయ్యి కలిపి ఇస్తున్నారు. మనం వెయ్యి తీసేసి, ఆ తర్వాత పదివేలతో భాగించాలి. మరిచిపోతే ఏమవుతుంది? పచ్చగా ఉన్న వరి చేలో ఎరుపు ప్రతిఫలనం 0.04, నియర్ ఇన్‌ఫ్రారెడ్ 0.40 అనుకుందాం. పంట పచ్చదనాన్ని చెప్పే ఎన్‌డీవీఐ అంటే ఆ రెండింటి తేడాను మొత్తంతో భాగించడం. 0.36ను 0.44తో భాగిస్తే 0.82. వెయ్యి తీయకపోతే అవే అంకెలు 0.14, 0.50 అవుతాయి. 0.36ను 0.64తో భాగిస్తే 0.56. చేనుకు ఏమీ కాలేదు, కాగితం మీద మాత్రం ఎండిపోయింది. 2021తో 2023ను పోల్చి కరువు వచ్చిందని ప్రాజెక్టు రాసేస్తారు.

నీళ్ళు గుర్తించేటప్పుడూ ఇలాంటిదే ఒకటుంది. ఆకుపచ్చలోంచి నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను తీసేసి, మొత్తంతో భాగించే లెక్క ఎన్‌డీడబ్ల్యూఐ. సున్నాకు పైన వస్తే నీళ్ళు అనుకుంటాం. తేటనీటికి బాగా పనిచేస్తుంది. కృష్ణకు వరదొచ్చినప్పుడు నీళ్ళు ఎర్రమన్ను కలిసి వస్తాయి. బురద నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను వెనక్కి కొడుతుంది. ఆకుపచ్చ 0.12, నియర్ ఇన్‌ఫ్రారెడ్ 0.14 ఉన్నాయనుకోండి, జవాబు సున్నా కిందికి పోతుంది. నది మధ్యలో నేల ఉన్నట్టు చూపిస్తుంది. నియర్ ఇన్‌ఫ్రారెడ్ బదులు 1610 నానోమీటర్ల బ్యాండ్ పెట్టండి. నీళ్ళు దాన్ని దాదాపు మొత్తం మింగేస్తాయి, బురద ఉన్నా సరే. గడి ఇరవై మీటర్లవుతుంది, ఆ నష్టం భరించాలి.

అసలు వరద రోజున ఈ బొమ్మ దొరుకుతుందా? దొరకదు. పైన మబ్బు ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు సింగ్ నగర్‌ను ముంచినప్పుడు, బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కావలసింది మబ్బులోంచి చూసే కన్ను. అదే రాడార్. సెంటినెల్-1 రాడార్ తరంగం దాదాపు 5.6 సెంటీమీటర్లు. మబ్బూ, చీకటీ దానికి అడ్డం కావు. అది పక్కకు వాల్చి తరంగాన్ని పంపుతుంది, తిరిగొచ్చిందెంతో కొలుస్తుంది. నిలకడ నీళ్ళు అద్దంలా తరంగాన్ని అవతలికి జార్చేస్తాయి. ఏమీ తిరిగి రాదు, అక్కడ నలుపు. ఈ నలుపును వెతకడమే వరద పటం చేయడం అనుకుంటారు. అక్కడే నాలుగు రకాలుగా దెబ్బతింటాం.

ఒకటి, ఆగస్టు, సెప్టెంబరులో డెల్టాలో దమ్ము చేసి నాట్లు వేసిన మడులన్నీ నీళ్ళతోనే ఉంటాయి. రాడార్‌కు అవీ నలుపే. ఒక్క బొమ్మ పెట్టుకుని చూస్తే దివిసీమ దాకా వరదే అంటారు. అందుకే వరదకు ముందు అదే దారిలో, అదే దిక్కున పోతూ తీసిన బొమ్మ ఒకటి తప్పకుండా కావాలి. కక్ష్య సంఖ్య రెండింటికీ ఒకటే ఉండాలి. దారి వేరైతే చూసే కోణం మారి, మార్పు లేని చోట కూడా మార్పు ఉన్నట్టు కనిపిస్తుంది. రెండు, రన్‌వే, తారురోడ్డు కూడా నునుపే, నలుపే. ముందటి బొమ్మతో తీసివేస్తే ఇవి పోతాయి. మూడు, గాలి వీస్తే నీటి మీద అలలు లేచి తరంగం తిరిగొస్తుంది, వరద ఉన్నా నలుపు తగ్గుతుంది.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం, మన ఊరికి సంబంధించింది. వీధిలో నీళ్ళు, పక్కన ఇంటి గోడ. తరంగం నీటి మీద జారి గోడకు తగిలి నేరుగా వెనక్కి వచ్చేస్తుంది. అక్కడ బొమ్మ నల్లబడే బదులు ఇంకా మెరుస్తుంది. నడుము లోతు నీళ్ళున్న వీధి రాడార్ వరద పటంలో పొడిగా తేలవచ్చు. పట్టణ వరదలో రాడార్ పటం చూపించే విస్తీర్ణం ఉన్నదానికంటే తక్కువే ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. పటంలో లేదని ఒక వీధికి సాయం అందకుండా పోకూడదు. పొలాల్లో నమ్మినంతగా పేటల్లో ఆ పటాన్ని నమ్మొద్దు.

పద్ధతి క్లుప్తంగా చెబుతాను. రెండు బొమ్మలనూ డెసిబెల్స్‌లోకి మార్చండి, మూడు డెసిబెల్స్ తగ్గితే సగమైందని అర్థం. చుక్కలు చుక్కలుగా ఉండే గరుకుదనాన్ని లీ ఫిల్టరుతో తగ్గించండి. వీవీ ధ్రువణంలో, అంటే తరంగాన్ని నిలువుగా పంపి నిలువుగానే అందుకున్న బొమ్మలో, మైనస్ 15కూ మైనస్ 18కూ మధ్య ఎక్కడో గీత గీయండి, దానికి దిగువన ఉన్నది నీరు. ఎక్కడన్నది ఆ బొమ్మ హిస్టోగ్రామ్, అంటే ఏ అంకె ఎన్ని గడుల్లో ఉందో చూపే పటం, చూసి తేల్చాలి. కొండపల్లి కొండల నీడలు కూడా నల్లగా పడతాయి కాబట్టి వాలు ఐదు డిగ్రీలు దాటిన చోట్లు తీసేయండి.

2024 వరద నాటికి సెంటినెల్-1లో ఒక్కటే పనిచేస్తోంది. 1బి 2021 డిసెంబరులో విద్యుత్ సరఫరా చెడి ఆగిపోయింది, 1సి వెళ్ళింది 2024 డిసెంబరులో. ఒక్కటే ఉంటే అదే దారికి మళ్ళీ రావడానికి 12 రోజులు. ఇస్రోకు ఈఓఎస్-04 అనే రాడార్ ఉపగ్రహం ఉంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి నాసా, ఇస్రో కలిసి పంపిన నైసార్‌లో ఎల్-బ్యాండ్ తరంగం 24 సెంటీమీటర్లు. ఆకుల్లోంచి దూరి పోగలదు. లంకల్లో అరటి తోట కింద నిలిచిన నీటిని 5.6 సెంటీమీటర్ల తరంగం పట్టుకోలేదు, దీనికి ఆ అవకాశం ఉంది.

టీవీలో వచ్చే తుపాను బొమ్మ గురించి కాస్త. 36,000 కిలోమీటర్ల ఎత్తులో నిలిచి ఉండే ఇన్సాట్-3డీఆర్, 3డీఎస్‌లవి అవి. వంతులవారీగా తీస్తే పావుగంటకో బొమ్మ. రాత్రీ పగలూ తీసే ఉష్ణ పరారుణ బ్యాండ్‌లో గడి నాలుగు కిలోమీటర్లు. అంటే దాదాపు 62 చదరపు కిలోమీటర్ల విజయవాడ నగరం మొత్తం నాలుగు గడులు. అందులో కొలిచేది మబ్బు పైభాగపు చల్లదనం. ముదురు రంగు చూసి అక్కడ కుండపోత అనుకుంటాం. అక్కడ మబ్బు తల ఎత్తుగా, బాగా చల్లగా ఉందని మాత్రమే దానర్థం. తుపాను చుట్టూ విస్తరించే పలుచటి ఎత్తు మబ్బు కూడా అదే రంగులో వస్తుంది, దాని కింద చినుకు కూడా ఉండకపోవచ్చు. ఇంకో సంగతి, ఉపగ్రహం భూమధ్యరేఖ మీద ఉండి మనల్ని వాలుగా చూస్తుంది. 15 కిలోమీటర్ల ఎత్తున్న మబ్బు తల మన అక్షాంశం దగ్గర అసలు చోటు కంటే ఐదు కిలోమీటర్లు ఉత్తరంగా పడుతుంది. తీరం దాటేది ఎక్కడో వేలు పెట్టి చూపించేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి.

వ్యోమగాములు చేత్తో తీసే ఫొటోల సంగతి ఒక్క ముక్కలో. అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తులో, నేల మీద చూస్తే సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా పోతుంది. వెయ్యో వంతు సెకను షట్టరుకే ఏడు మీటర్లు జరుగుతుంది. 400 మిల్లీమీటర్ల లెన్సుతో పగలు అది ఒక పిక్సెల్ మేర, ఫర్వాలేదు. రాత్రి ఎనిమిదో వంతు సెకను తెరిస్తే 900 మీటర్లు అలికినట్టవుతుంది. అందుకే డాన్ పెటిట్ అనే వ్యోమగామి 2003 ప్రాంతంలో అక్కడ దొరికిన భాగాలతోనే, కింద జరిగే నేలతో పాటే కెమెరాను తిప్పే స్టాండు ఒకటి చేసుకున్నాడు. రాత్రి ఊళ్ళ వీధులు పదునుగా కనిపించడం అప్పుడు మొదలైంది.

చివరగా, బడి గోడకు మన ఊరి బొమ్మ ఫ్లెక్సీ వేయించాలని కొందరు మాస్టార్లు అడిగారు. చక్కటి ఆలోచన. సెంటినెల్ బొమ్మలు ఇచ్చే వెబ్‌సైట్ కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితంగా ఖాతా తెరవండి. విజయవాడ అని వెతికి, సెంటినెల్-2 ఎల్2ఏ, అంటే మధ్యలో ఉన్న గాలి ప్రభావాన్ని సరిచేసిన రకం, ఎంచుకోండి. డిసెంబరు నుంచి మార్చి దాకా మబ్బు తక్కువ, కాకపోతే సంక్రాంతి రోజుల్లో డెల్టా మీద పొగమంచు పదిన్నరకు కూడా విడవకపోవచ్చు, ఒకటికి రెండు తేదీలు చూడండి. ఎండాకాలంలో నది మీద సూర్యుడి తళుకు పడి నీళ్ళు తెల్లబారతాయి, అవి వద్దు. దించుకునేటప్పుడు జేపీజీ కాకుండా 16 బిట్ల టిఫ్ తీసుకోండి, వెలుగునీడలు సరిచేసుకోవడానికి అందులోనే చోటుంటుంది.

ఆరడుగులు, నాలుగడుగుల ఫ్లెక్సీ అనుకుందాం. రెండు మీటర్ల దూరం నుంచి చూసేదానికి అంగుళానికి 30 గడులు చాలు. 72 అంగుళాలకు 2,160 గడులు, అంటే నేల మీద 21.6 కిలోమీటర్లు. పడమర ఇబ్రహీంపట్నం నుంచి తూర్పున పెనమలూరు దాకా సరిపోతుంది. అంతకంటే తక్కువ మేర తీసుకుని పెద్దది చేస్తే గడులు బయటపడతాయి. బొమ్మ కింద తీసిన తేదీ, మన గడియారంలో సమయం, ఉపగ్రహం పేరు, ఏ రంగుకు ఏ బ్యాండ్ పెట్టారో, ఒక గడి ఎన్ని మీటర్లో, రెండు కిలోమీటర్ల కొలబద్ద, "కోపర్నికస్ సెంటినెల్ సమాచారం" అన్న మాట, సంవత్సరం రాయించండి. ఫ్లెక్సీ షాపువాళ్ళు కింద పట్టీ కోసం బొమ్మను అడ్డంగా సాగదీస్తారు. సాగదీయొద్దని, కావాలంటే అంచు కోయమని, దగ్గరుండి చెప్పండి.